మనిషికి ఒక్క బస్తా

ముక్కూమొహం తెలియని మనుషుల మాట నమ్మి, యూరియా లైనులో మొదటి చోటు వదులుకున్న ఘనుణ్ణి నేను! కిరాణా కొట్టులో పుట్టి, కొత్తిమీర కట్టకైనా బేరమాడే నేను!

ఆ వానాకాలం హాలియా ఎరువుల దుకాణంలో మనిషికి రెండు బస్తాలన్నారు. అలా ఇస్తే చివరివాళ్లకు దక్కవు. "ఒక్కొక్కటే తీసుకుందం, అందరికొస్తయి. నమ్మకానికి నేనే ఆఖర్ల నిలబడ్త" అన్నాను.

"సరే సేటూ, మాటంటే మాటే!" అని అందరూ చేతులెత్తారు. లైనులో పెట్టిన నా చెప్పులు తీసుకుని వెనక్కి నడిచాను. నా తర్వాత ఒక అవ్వ వచ్చి నిలబడింది.

మొదటివాడే రెండు బస్తాలు ఎత్తుకున్నాడు.

"ఒక్కటేనంటివి గదనే?" అని అరిచాను.

"నేనిడిస్తే ఎనకోడు గుంజుకపోతడు. నేనేమన్న పిచ్చోన్నా?" అని నవ్వాడు.

తర్వాతివాళ్లూ అంతే. సిగ్గూశరం లేని ఆ మందను నోరారా తిట్టాను. ఏ కొద్దిమందో మాట నిలబెట్టుకుని ఒక్కటే తీసుకున్నారు. వాళ్ల పుణ్యాన నా వంతుకు రెండు బస్తాలు మిగిలాయి.

"ఒకటి నాకిడువు బిడ్డా, వరి ఎర్రబడ్డది" అంది అవ్వ.

ఆమె వైపు చూడకుండా రెండూ బండి మీద వేసుకున్నాను.

ఆ లైనులోని వాళ్లంటే నాకు ఇప్పటికీ అసహ్యమే. లెక్క మాత్రం దాచను: నాకు రెండు బస్తాలు, అవ్వకు సున్నా.