టేపు అయిపోయిన చోట

తొంభైలలో ఒక పరీక్ష రాయడానికి విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లినప్పుడు, చిక్కడపల్లిలో ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాను. నా బల్ల దగ్గరే యాదగిరి, అన్వర్ అనే ఇద్దరు మిత్రులు వన్ బై టూ చాయ్ తాగుతూ, నాకు ప్రాణమైన ఇంగ్లీషు సైకెడెలిక్ రాక్ బ్యాండు గురించే పోట్లాడుకుంటున్నారు. ఉండబట్టలేక నేనూ మధ్యలో దూరాను.

“మొదట్ల వాళ్లు వాయించిన గా పెద్ద పాట, పాటనా భై? జాజ్ అనుకుంట గిన్నెలు కింద పడేసిన్రు,” అన్నాడు అన్వర్.

“గదే మజా! ఆ పెద్ద పాట సగంల టక్కున ఆగుతది. గట్ల ఆపాల్నంటే ఎంత దమ్ముండాలె!” అన్నాడు యాదగిరి.

ఆ పాట ఆగదని నాకు తెలుసు. మా ఊళ్లో స్నేహితుడి దగ్గర అసలు రికార్డు ఉంది. మీరెక్కడ విన్నారని వీళ్లను అడిగితే, నారాయణగూడలో ఒక షాపులో ఖాళీ క్యాసెట్ ఇచ్చి పాటలు ఎక్కించుకున్నామన్నారు. ఒక వైపు టేపు అయిపోయి పాట అక్కడే తెగిపోయిందన్నమాట. ఆ సంగతే చెప్పాను.

యాదగిరి మొహం చిన్నబోయింది. “తర్వాత ఏమైతది తమ్మీ?” అని అడిగాడు. బల్ల మీద దరువేస్తూ, శాక్సోఫోన్ వచ్చే చోటును నోటితోనే వినిపించాను. ఇద్దరూ చాయ్ ముట్టకుండా విన్నారు.

“మంచిగుంది,” అన్నాడు యాదగిరి నెమ్మదిగా.

“ఏం మంచిగుంది?” అప్పటిదాకా ఆ పాటను తిట్టిన అన్వర్ కస్సుమన్నాడు. “మనదే మంచిగుంది. గది ఆడ ఆగాల్సిందే.”

ఇప్పుడు ఆ పాట మొత్తం నా ఫోన్లో ఉంది. ఎప్పుడు విన్నా, సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నా వేలే దాన్ని ఆపేస్తుంది.