రోడ్డు మీద మక్కలు

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ అత్వెల్లి దగ్గర హైవే దాటడానికి పావుగంట నిలబడ్డాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, బోర్డు కనబడితే చదవకుండా ఉండలేను. అవతలి పక్కనున్న ప్లాట్ల బోర్డు, టైర్ల దుకాణం, బిర్యానీ హోటలు అన్నీ కూడబలుక్కుని చదవడం అయిపోయింది గానీ లారీల వరస అయిపోలేదు. ఇదే రోడ్డు మీద ఒకప్పుడు చెప్పులు విడిచి, కాళ్లతో మక్కజొన్న గింజలు తిరగేస్తూ నడిచానంటే పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లలు నమ్ముతారా?

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, లారీలు ఎక్కడివక్కడే. మా ఆయన బస్సు డ్రైవరు, సమ్మెలో ముందుండేవాడు. మధ్యాహ్నం మేడ్చల్లో వేసిన సమ్మె టెంటు ముందు, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి అందరూ వండుకుని తినేవారు. నిరసనే గానీ చూడటానికి పెళ్లి భోజనంలా ఉండేది. మా అత్తమ్మ కన్ను మా ఊరి ముందు ఖాళీగా పడున్న నల్లటి రోడ్డు మీద పడింది. "గింత మంచి కల్లం మనకెవడిస్తడే? తే మక్కలు," అంది. ఏడాది పంటంతా తెచ్చి పరిచాం. మమ్మల్ని చూసి ఊరంతా పరిచింది. కనుచూపు మేర పసుపు పోసినట్టుండేది. తారు వేడికి గింజల నుంచి తియ్యటి వాసన లేచేది, పావురాలు గునగునా నడిచి వచ్చేవి. కాపలా కూర్చుంటే కళ్లు మూతలు పడేవి. లోకంలో గొడవంటూ ఉందా అనిపించేది. "బస్సు నడిపినన్ని దినాలు కొడుకు మొకం సక్కగ సూడలె. ఇంకో నెల నడవనియ్యిరి సమ్మె," అనేది అత్తమ్మ.

నాలుగో రోజు మధ్యాహ్నం మరిది వరసైన ఒకతను సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. "వదినా, మేడ్చల్ల టెంటు పీకేసిన్రు. అన్న పేరు గూడ రాసుకున్నరంట. జల్దీ పంపియ్యి యాడికన్న!" మా ఆయన తిండి తిని మా చేలో వేపచెట్టు కింద నిద్రపోతున్నాడు. ఇంతలోనే పోలీసు వ్యాను కనబడింది. "నేను లొల్లి వెట్టి ఆపుతా. నువ్వు పోయి వాన్ని తోలు," అంటూ అత్తమ్మ రెండు చేతులూ చాపి గింజల ముందు నిలబడింది. నేను పరుగెత్తాను. "గింజల మీదికెళ్లి ఎక్కిస్తవా? నువ్వు అన్నం తినవా? మన్ను తింటవా?" అన్న ఆమె గొంతు చేను దాకా వినబడుతోంది.

సగం దారిలో మా ఆయన చొక్కా లేకుండా ఎదురొచ్చాడు. "అమ్మ ఎందుకొర్లుతాంది? ఎవడన్న చెయ్యేసిండా?"

"నువ్వు ఉరకాలెనని ఒర్లుతాంది. పో!"

"అమ్మ ఒర్లంగ ఇని యాడికి పోతనే?" అని నన్ను తోసుకుంటూ వెళ్లిపోయాడు.

వెనకే నేను చేరేసరికి ఒక కానిస్టేబులు బూట్లు విప్పి పక్కన పెట్టి, వంగి చేతులతో గింజలు పక్కకు జరుపుతున్నాడు. "లొల్లి వెట్టకవ్వా. నేను గూడ రైతు బిడ్డనే. బండి పట్టే దారి మందమే తీస్త, మిగిలినయి ముట్ట," అంటున్నాడు. కొడుకును చూడగానే అత్తమ్మ నోరు టక్కున మూతపడింది. మా ఆయన ఆ కానిస్టేబులు పక్కనే వంగి తనూ గింజలు జరిపాడు. తనను తీసుకుపోయే బండికి తనే దారి చేసి, చేతులు దులుపుకుని ఎక్కాడు. ఒక్క గింజా నలగలేదు.

పన్నెండో రోజు ఇంటికొచ్చాడు. అన్ని రోజులూ అత్తమ్మ గొంతు పెంచలేదు. కోళ్లను కూడా మెల్లగా అదిలించేది. "నేను ఒర్లకుంటే వాడు దొరక్కపోతుండె," అని ఒక్కసారే అంది, అదీ గోడవైపు తిరిగి.

రాష్ట్రం వచ్చింది, అత్తమ్మ పోయింది. ఆ పన్నెండు రోజులు మేమేం తిన్నామో, ఎలా పడుకున్నామో ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. అంతకు ముందరి ఎండ మాత్రం అరికాళ్లకు ఇంకా తగులుతూనే ఉంది. మమ్మల్ని అంతగా ఏమరిపించిన ఆ నాలుగు రోజుల్నే నా మనసు ఇంత పదిలంగా ఎందుకు దాచిపెట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.