అవ్వ మొక్కుకున్న చుక్కలకోడి

మొన్న పొద్దున మా పట్టాభిరాం వీధిలో ఎదురింటావిడ, గిన్నెలో నూకలు పట్టుకుని, బా... బా... అంటూ ప్రతి ప్రహరీ వెనకా తొంగిచూస్తూ తిరిగింది. రాత్రి గూట్లో మూసిన కోడి తెల్లవారేసరికి లేదట. మా కోడలు దాని ఫొటోను వీధివాళ్ళ ఫోన్ గ్రూపులో పెట్టి, దొరుకుతుందిలే అని ఆమెకు ధైర్యం చెప్పింది. నేను మాత్రం వరండాలో కూర్చుని, అరవై ఏళ్ళ కిందట తిరుత్తణి పక్కన మా పల్లెలో మాయమైన ఒక చుక్కలకోడిని తలచుకుంటూ ఉండిపోయాను.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. విషజ్వరం వచ్చి, ఇరవై రోజులు మంచం దిగలేదు. మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, జ్వరం తగ్గితే గంగమ్మకు కోడిని కోయిస్తానని మొక్కుకుంది. మొక్కుకున్నది ఏదో ఒక కోడిని కాదు, గోధుమరంగు ఒంటిమీద తెల్లచుక్కలున్న పెట్టను. నేను మంచంలో ఉన్నన్నాళ్ళూ నా కాళ్ళ దగ్గర ముడుచుకుని పడుకున్నది అదే. మొక్కు తీర్చాల్సిన మంగళవారం దగ్గరపడేకొద్దీ నాకు అన్నం సయించలేదు. అమ్మవారి సొమ్ముకు ఏడవకూడదని అమ్మ కసిరింది. చెరుకుతోట, ఎద్దులు తప్ప నాన్నకు ఇంకో ధ్యాస లేదని మేమందరం అనుకునేవాళ్ళం. ఆయన నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న జ్ఞాపకం కూడా నాకు లేదు.

సోమవారం తెల్లవారి చూస్తే గంప బోర్లించినట్టే ఉంది, దాని కింద కోడి లేదు. ఏదో పనుందని నాన్న అప్పటికే ఊరికి బయలుదేరి వెళ్ళిపోయాడు. అవ్వ వీధిలో నిలబడి, "నా మొక్కుకోడిని పట్టకపోయినోడి చేతులు పడిపోను" అని ఊరంతా వినేలా తిట్టిపోసింది. మధ్యాహ్నానికి ఆమె అనుమానం వెనకింటి తమిళావిడ మీదికి మళ్ళింది.

"యాడికి పోతాది? గోడ దాటితే వాళ్ళిల్లే గదా!" అంటూ జగడానికి కొంగు బిగించింది.

సరిగ్గా అప్పుడే నాన్న తిరిగొచ్చి తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. "వాళ్ళనేమీ అనొద్దుమా. వాళ్ళు తీయలేదు, నాకు తెలుసు" అన్నాడు గట్టిగా. ఆయన తన తల్లికి ఎదురు చెప్పడం నేను చూసింది అదొక్కసారే. అవ్వ కాసేపు ఆయన ముఖంలోకి చూసి, బిగించిన కొంగు వదిలేసి లోపలికి వెళ్ళింది. మర్నాడు గంగమ్మకు పొంగలి పెట్టి, అమ్మవారే ముందుగా వచ్చి తనది తాను తీసుకుపోయిందని అందరితో చెప్పింది. ఏ నక్కో ఎత్తుకుపోయి ఉంటుందని నేను ఎన్నాళ్ళో ఏడ్చాను.

మరుసటి వేసవిలో నన్ను తిరువళ్ళూరులో అత్త ఇంటికి పంపారు. అత్త నాన్నకు చెల్లెలు. ఆమె పెరట్లో, బావి పక్కన, పిల్లల్ని వెంటేసుకుని మట్టి గీరుతున్నది మా చుక్కలకోడే. నేను పరుగెత్తి వెళితే, అది నన్ను గుర్తుపట్టక రెక్కలు విప్పి పొడవబోయింది. అత్త పగలబడి నవ్వి, తరవాత నన్ను దగ్గరకు లాక్కుని చెప్పింది.

"మీ నాయన తొలిరైల్లో సంచిలో పెట్టుకోని వచ్చినాడు పాపా. కాపీ గూడా తాగలా. 'బిడ్డ అన్నం తినలా, దీన్ని నువ్వు పెట్టుకో' అనేసి, తిరుగు రైలుకే పోయినాడు. అవ్వకు మాత్రం చెప్పొద్దు, ఏం?"

అంటే, చేతులు పడిపోవాలని అవ్వ తిట్టిన తిట్లన్నీ నాన్నకే; ఊళ్ళోవాళ్ళు చెప్పగా ఆయన వాటిని విన్నాడు కూడా.

సెలవులయ్యాక తిరుత్తణి స్టేషనుకు నాన్న బండి కట్టుకుని వచ్చాడు. నేను వెనక గడ్డిమీద కూర్చున్నాను. చాలా దూరం పోయాక, "అత్తోళ్ళింట్లో బాగుండారా?" అన్నాడు.

"బాగుండారు నాయనా."

ఎద్దుల వైపే చూస్తూ, "అందురూనా?" అన్నాడు.

"అందురూ" అన్నాను.

ఆయన ఎద్దుల్ని అదిలించాడు. ఆ తరవాత మా మధ్య ఆ కోడి మాట ఇంకెప్పుడూ రాలేదు. ఆయన పోయేదాకా రాలేదు.

ఇప్పుడు మా అబ్బాయి ఆఫీసు నుంచి రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి, కూతురితో నువ్వంటే నాకు ప్రాణం అంటాడు. వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. మా కాలంలో తండ్రి మనసు ఇంకెవరో చెబితే తెలిసేది, అదీ ఆలస్యంగా. తెలిసినా మేమూ నోరు విప్పేవాళ్ళం కాదు. మాట రాకపోతే పోయె, ఆ రోజు బండిలో కాస్త ముందుకు జరిగి ఆయన పక్కన కూర్చుని ఉండాల్సింది.