ముందు రసాయనం, మర్నాడు వైరస్

ఆ ప్రయోగశాలలో కణాలు పెంచే గదికి ఆవిడే పెద్దదిక్కు. గాజుపళ్లాల్లో మనిషి కణాలకు పోషకద్రవం పోస్తూ ముప్ఫై ఏళ్లుగా సాకుతోంది. అందుకే అందరికీ ఆవిడ ‘కణాలమ్మ’. మంచి కణానికి మర్యాద తెలుసనేది ఆవిడ మాట: పక్కదాని భుజం తగిలితే అక్కడే ఆగుతుంది. వైరస్ సోకి బుద్ధి మారిన కణం మాత్రం పక్కదాని నెత్తికెక్కుతుంది. అలా పేరుకున్న గుట్టల్ని సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టడం కూడా ఆవిడ పనే.

పరిశోధన చేస్తున్న అమ్మాయి తేల్చుకోవలసింది ఒక్కటే: క్యాన్సర్ కలిగించే రసాయనం ముందే తగిలిన కణాలు వైరస్‌కు మరింత తేలిగ్గా లొంగుతాయా? రెండు విడతల్లో ఔననే వచ్చింది. మూడోది కూడా అలాగే వస్తే ఆమె పరిశోధన గట్టెక్కుతుంది. సరిగ్గా ఆ విడత మొదలుపెట్టే రోజున ఆమెకు జ్వరం.

"నువ్వు పడుకో తల్లీ, నేను చూసుకుంటాగా," అంది కణాలమ్మ.

మూడు వారాలకు చూస్తే, రసాయనం పడ్డ పళ్లాలకూ పడనివాటికీ తేడాయే లేదు. అమ్మాయి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా పిన్నీ?"

కణాలమ్మ తన చేతిపుస్తకం తిరగేసింది. సోమవారం వైరస్, మంగళవారం రసాయనం: వరస తిరగబడింది. ఆ రోజు ఫ్రీజర్ మొరాయించింది. కరిగిన వైరస్ పాడైపోతుందన్న కంగారులో ముందు దాన్నే పోసేసింది. వృథా చేయడం చేతకాని చెయ్యి!

ఇంకో నెలలో ఉద్యోగ విరమణ. ఇన్నేళ్లలో ఒక్క మచ్చ లేదు. ఆ పేజీ ఎవరూ చూడరు కూడా. అయినా ఆ పేజీ అమ్మాయి ముందు పెట్టి చెప్పేసింది.

అమ్మాయి ఆ పేజీ చదివి పుస్తకం మూసింది.

"ఇంకెవరైనా అయితే చంపేసేదాన్ని."

"నన్ను మాత్రం ఎందుకు వదిలెయ్యడం?"

"ఎవరు వదిలేశారు? మళ్లీ పొయ్యాలి నువ్వు. ఈసారి కొన్నిటికి రసాయనం ముందు, కొన్నిటికి వైరస్ ముందు."

ఆఖరి వారంలో లెక్కకు కూర్చునే ముందు కణాలమ్మ కాగితం ముక్కలు అందించింది. "పళ్లాల మీద గుర్తులు కనబడకుండా అంటించు. నీమీద ప్రేమున్న కళ్లివి, నమ్మకు."

లెక్క ముగిశాక అమ్మాయే కాగితాలు ఊడదీసింది. రసాయనం ముందు పడ్డచోట గుట్టలు రెట్టింపు. వెనక పడ్డచోట మామూలే.

"పిన్నీ! నీ పొరపాటు కూడా నా థీసిస్‌లోకి ఎక్కుతుంది."

"ఎక్కించు, నా పేరుతోనే," అంటూ ఆవిడ లేచి, మిగిలిన మంచి కణాల పళ్లాలు ఆమె ముందుకు జరిపింది. "రేపటినుంచి వీటికి పోషకద్రవం నువ్వే పొయ్యాలి. గోరువెచ్చగా పొయ్యి. చల్లటిది పోస్తే అలుగుతాయి."