ముందు గుర్రం కాళ్లు చూసిన మనిషి

మా ఉస్తాద్ గత మంగళవారం చనిపోయారు. ఆయన కూతురు ఫోన్ చేసేసరికి నేను మైదానంలో పిల్లలకు స్వారీ నేర్పుతున్నాను. "నాయిన పోయిండక్కా" అని ఫోన్ పెట్టేసింది. నేను క్లాసు ఆపలేదు. ఆపితే ఆయనే తిట్టేవారనిపించింది.

సిద్దిపేటలో పెళ్లి బరాత్‌లకు గుర్రాలు పంపుతూ, ఊరి చివర మైదానంలో స్వారీ నేర్పేవారు ఆయన. మా ఊరు వేములఘాట్ మల్లన్నసాగర్ జలాశయంలో మునిగాక, పొలం లేని ఇంట్లో ఏం చేయాలో తోచక, ఇరవై రెండేళ్ల వయసులో ఆయన దగ్గరికి వెళ్లాను. ఆడపిల్లవు నీకెందుకని అడగలేదు. పార చేతికిచ్చి గుర్రాల లద్ది ఎత్తమన్నారు. మూడు నెలలు అదే పని.

జీను లేకుండా ఎక్కించిన మొదటిరోజే పడ్డాను. భుజం ఎముక విరిగింది. ఆయన ఉరుక్కుంటూ వచ్చి, నన్ను దాటి వెళ్లి, గుర్రం కాళ్లు తడిమి చూశారు. తర్వాత ఇటు తిరిగి, "నీకు నోరున్నది, నొప్పైతే చెప్తవ్. దానికేమున్నది?" అన్నారు. ఆ మాటను చాలా రోజులు క్షమించలేదు. ఇప్పుడు నా దగ్గర ఎవరు పడ్డా, నా చూపు ముందు గుర్రం కాళ్ల మీదికే పోతుంది.

బాదల్ అనే గుర్రం సంగతి చెప్పకుండా ఉండలేను. వాన పడిన మర్నాడు, నేల జారుతుంది, ఉరికించొద్దని చెప్పి ఆయన తొగుట వెళ్లారు. చూడ్డానికి వచ్చినవాళ్ల ముందు గొప్ప కోసం నేను ఉరికించాను. బాదల్ ముందరి కాలు విరిగింది. ఇక లాభం లేదని పశువుల డాక్టరు సూది సిద్ధం చేశాడు. అప్పటికి తిరిగొచ్చిన ఉస్తాద్, దూరంగా పోబోతున్న నా రెట్ట పట్టుకున్నారు.

"యాడికి? తల నువ్వే పట్టుకో. ఉరికిచ్చినప్పుడు మీదున్నది నువ్వే గద."

పట్టుకున్నాను. ఆ తల నా చేతుల్లోనే బరువెక్కింది. తెల్లారి భయపడుతూ వెళ్తే, ఇంకో గుర్రం కళ్ళెం నా చేతిలో పెట్టారు. ఎవరూ రానివ్వరనుకున్న చోటికి నన్ను మళ్లీ రానిచ్చారు. ఈ పని నాకు బతుకైంది ఆ పొద్దుటే.

పక్షవాతం వచ్చాక మైదానం నాకప్పగించి, ఏడాదిపాటు ఆయన ఇటు రాలేదు. కిందటి నెల కూతురు చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది. పుట్టిన నాటి నుంచి ఆయన చేతుల్లో పెరిగిన ఆడగుర్రం చాందినిని చూడాలన్నారట. బాగున్న చేయి చాపి పిలిచారు. మాట ముద్దగా వచ్చింది. చాందిని బెదిరి వెనక్కి జరిగింది. మళ్లీ పిలిచారు. అది ఆయన్ని చుట్టి వచ్చి నా భుజం మీద మూతి ఆనించింది. సిగ్గుతో దాన్ని ఆయన వైపు తోశాను.

"తొయ్యకు," అన్నారు మెల్లగా. "దానికి నేనెవరో ఎరుక లేదు."

అయినా చాపిన చేయి తీసుకోలేదు. అరచేతిలో బెల్లంముక్క ఎండకు మెత్తబడుతోంది. దాని మీద ఈగలు వాలుతున్నాయి. ఆయన వాటిని తోలలేదు.