గజ్జెల కాళ్లు మా చిన్నమ్మవి

మా ఊరి బండ మీద ఏ దేవతా నడవలేదు. నడిచింది మా చిన్నమ్మ. ఆమె కాళ్లకు గజ్జెలు కట్టింది టీవీ సీరియల్ వాళ్లు. ఆ కాళ్ల మీదికి వెలుతురు మళ్లించడానికి తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టుకుని నిలబడింది నేను. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎవరి దగ్గరైనా ఉంటే తెమ్మని అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను.

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే రోడ్డుకు కాస్త లోపలికి ఉంటుంది మా ఊరు. ఊరి చివర నున్నటి పెద్ద బండ. అది అందరిదీ. కంది కోతలయ్యాక ఆడవాళ్లు కందికట్టెను అక్కడే ఎండబెట్టి, కర్రలతో కొట్టి, చెరిగి, గింజలు ఇంటికి తెచ్చుకునేవాళ్లు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో సీరియల్ వాళ్లు వచ్చారు. అదొక సాహస కథ. ఒక సర్వేయరు తన మేనల్లుణ్ని, మేనకోడలిని వెంటబెట్టుకుని ఊరూరా తిరుగుతుంటాడు. వెళ్లిన ప్రతి ఊళ్లో ఏదో ఒక చిక్కు విప్పుతాడు. మా దగ్గర తీసిన భాగంలో పొద్దుగూకగానే బండ మీద గజ్జెల చప్పుడు వినిపిస్తుంది. దేవత తిరుగుతోందని ఊరంతా తలుపులు వేసుకుంటుంది. సర్వేయరు మాత్రం లాంతరు పట్టుకుని బండెక్కుతాడు. జనం బయటికి రాకుండా భయపెట్టి విగ్రహాలు ఎత్తుకుపోయే ముఠా పని అదంతా అని తేలుస్తాడు.

ఆ చీకటి సీను పట్టపగలే తీశారు, కెమెరాకు నీలం అద్దం తగిలించి. ముఠాలో ఆడమనిషి వేషం వేసిన నటి మండే బండ మీద రెండడుగులు వేసి కెవ్వుమంది. పక్కన కందులు కొడుతున్న మా చిన్నమ్మ డైరెక్టర్ కంట్లో పడింది.

"ఏమ్మా, కాసేపు నడుస్తావా?"

"నడుస్త. రోజు నడిచే బండనే గద. గని గీ గజ్జెలెందుకు సారూ, నేనేమన్న ఎద్దునా?"

అందరూ నవ్వారు. ఆమె నడిచింది. రోలు దగ్గర రోకలి జారిపడి చితికి, వంకరగా అతుక్కున్న కుడికాలి బొటనవేలు కూడా టీవీలో కనబడింది.

నేను సంస్కరణ సభల్లో, వాదాల మధ్య పెరిగినవాణ్ని. నా మొదటి పాఠం మాత్రం ఆ భాగమే. ఆ సర్వేయరు దేవుణ్ని తిట్టలేదు, జనాన్ని వెక్కిరించలేదు. చప్పుడు ఎక్కడినుంచి వస్తున్నదో చూద్దాం పదండి అన్నాడంతే. నా ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ ఒక్క మాటకు సరిరావు.

ఆ భాగాన్ని నాలా ప్రేమించేవాళ్లు ఇంకా ఉన్నారని సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాకనే తెలిసింది. చిన్నప్పుడు టీవీ ముందు కూర్చుని చూసినవాళ్లు పెద్దయి, ఉద్యోగాల్లో కుదురుకుని, ఇంటర్నెట్‌లో ఒకరినొకరు వెతుక్కున్నారు. ఎవరో పాత క్యాసెట్ సంపాదించి సీడీ చేశారు. ఒక ఆదివారం కార్లలో మా బండ దగ్గరికి దిగారు. చేతుల్లో సీరియల్ బొమ్మల ప్రింట్లు.

"లాంతరు పెట్టింది ఇక్కడే రా!"

"కాదు, ఈ పగులు చూడు. ఫ్రేమ్‌లో లెఫ్ట్‌కి ఉంది. అంటే కెమెరా అటు ఉండాలి."

హేతువాద సంఘంలో నా మిత్రుడొకడు ఈ సంగతి విని ఎకసెక్కం చేశాడు. "టీవీ సీరియల్‌కు జాతరనా? ఇగ నీకు గూడ భక్తి పట్టింది పో." నేను తగ్గలేదు. ఆ పిల్లలు కెమెరా ఎక్కడుందో వెతుకుతున్నారు. తమను మురిపించిన దాన్ని ఎవరు, ఎట్లా చేశారో తెలుసుకోవాలని తపిస్తున్నారు. తెలిసిన కొద్దీ వాళ్ల ఇష్టం పెరుగుతోంది. భక్తి అయితే ఆ ప్రశ్న అడగనిస్తుందా?

వాళ్లతో వచ్చిన ఒక అమ్మాయిని వాచ్‌మన్ బండ కిందే ఆపేశాడు. అప్పటికే బండ చుట్టూ ప్లాట్లు పడ్డాయి. వెంచర్ వాళ్లు ఒక రాయికి కుంకుమ పెట్టి గజ్జెల తల్లి అన్నారు. ఎప్పుడో బండ మీద గజ్జెలు మోగాయని ఊరికి లీలగా గుర్తుంది. ఎందుకు మోగాయో మరిచిపోయింది. ఆ తల్లి పేరిట కమిటీ పుట్టింది. ఆడవాళ్లు బండ ఎక్కరాదు, ధాన్యం ఆరబోయరాదు, చెప్పులు విడువవలెను అని బోర్డు లేచింది.

ఆ అమ్మాయి కోపంతో, కళ్లలో నీళ్లతో నా వైపు తిరిగింది. "సర్, ఆ గజ్జెల కాళ్లు ఎవరివో తెలుసుకోవాలని ఎన్నేళ్లుగా కొట్టుకుంటున్నామో తెలుసా? టైటిల్స్‌లో కూడా పేరు లేదు."

"రా, చూపిస్తా" అన్నాను.

చిన్నమ్మ తారురోడ్డు అంచున కందికట్టె పరిచి, ఫామ్‌హౌస్‌లకు పోయే కార్లను కర్రతో అదిలిస్తోంది.

"ఆంటీ, సీరియల్లో ఆ కాళ్లు మీవేనా?"

"నాయే. ఎందుకు బిడ్డా, ఇప్పుడేమన్న ఇరిగినయా?"

అమ్మాయి ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు. పేరు ఇంటర్నెట్‌లో పెడతాం అంది.

"పేరు పెడితే కందులెండుతయా?" అనేసరికి ఇద్దరం నవ్వాం. "నవ్వకుండ్రి. బండ మీద దేవతున్నదట, నేను ఎక్కొద్దట. ఈడ కార్లు తొక్కంగ నా కందులు రోడ్డు మీదనే పప్పయితున్నయి."

ఆ ఏడు ఆమె చేతికొచ్చిన పంట మొత్తం అదే. ఎండబెట్టుకోవడానికి ఇంకో చోటు లేదు.

నేను కమిటీ పెద్దను కలిశాను. మా బండ మీద తీసిన సీరియల్ సీడీ దొరికింది, ఊరందరికీ వేద్దామన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "తల్లి మహిమ టీవీల గూడ వచ్చిందా అన్నా? ఎయ్యి మరి! నేనే చాటింపేయిస్త." దాచకుండా చెబుతున్నాను, చిక్కాడనుకుని అప్పుడు నాకు భలే సంతోషమైంది.

మరుసటి ఆదివారం పొద్దున సాఫ్ట్‌వేర్ పిల్లలు సీడీ పట్టుకుని వచ్చారు, పంచాయతీ గది నిండిపోయింది. "అగో మా తాత!" "గది మా బండే, ఎడ్లు సూడు ఎంత బలంగున్నయో!" అని ఒకటే గోల. ఇంతలో గజ్జెలు మోగాయి. తెర నిండా రెండు కాళ్లు, వంకర బొటనవేలు.

"ఓయమ్మో, గవి నీ కాళ్లే గదనే!" అంది వెనకనుంచి ఒక ముసలమ్మ.

సర్వేయరు లాంతరు ఎత్తాడు. ముఠా దొరికింది. సీరియల్ అయిపోయింది. గెలిచాననుకుని ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాను.

కమిటీ పెద్ద లేచాడు. పసుపు గిన్నె తెప్పించి చిన్నమ్మ ముందు వంగాడు. "అత్తా, ఇన్నొద్దులు మాకు తెల్వకపాయె. అంతమందిల తల్లి నీ కాళ్లనే కోరుకున్నది. నువ్వే బండెక్కి మొదటి బోనం పెట్టాలె. నీకు అడ్డెవరు?"

నేను చూపించిన సాక్ష్యాన్నే తీసుకుని దేవతకు ఇంకో కథ కట్టేశాడు. ఎన్ని వేదికల మీద వాదించినా ఇలాంటి దెబ్బ తినలేదు.

చిన్నాయన గుసగుసలాడాడు. "ఒప్పుకోరాదే. పసుపు పూసుకుంటె ఏంబోతది? నీ కందులు బండ మీదికొస్తయి గద."

నేను వద్దనలేకపోయాను. రోడ్డు మీద నలుగుతున్నవి నా కందులు కావు. ఆమె నా వైపు కూడా చూసింది, ఏమంటానో అని. నీ ఇష్టం చిన్నమ్మా అన్నాను.

ఆమె కాళ్లు చీర కిందికి లాక్కుంది.

"దేవతనైతే ఎక్కనిస్తరు. మనిషినైతే ఎక్కనియ్యరా?"

"అట్ల గాదత్తా..."

"మరెట్ల? నేనొక్కదాన్ని ఎక్కితె, నా పక్కన కందులు కొట్టే ఆడోళ్లు యాడికి పోవాలె? ఈళ్ల కాళ్లేం పాపం జేసినయి? నీ పసుపు నీ కాడనే ఉంచుకో. నాకు బండ గావాలె."

లేచి బయటికి నడిచింది. రోడ్డు మీది కందికట్టెను మోపు కట్టి నెత్తికెత్తుకుంది. ఓయమ్మో అన్న ముసలమ్మ ఇంకో మోపు ఎత్తింది. ఆ వెనక ఒకరొకరుగా ఆడవాళ్లు. సాఫ్ట్‌వేర్ పిల్లలు కూడా చేతికందినంత పట్టుకుని నడిచారు. వాచ్‌మన్ కమిటీ పెద్ద వైపు చూశాడు. ఆయన చేతిలో పసుపు గిన్నె అలాగే ఉంది. దేవత కోరుకున్న కాళ్లని ఇప్పుడే అందరి ముందు అన్నాడాయె, వాటిని ఏ నోటితో ఆపుతాడు?

బోర్డు దగ్గర నేను కావాలనే చెప్పులు విడవలేదు. పిల్లలు నన్ను చూసి బూట్లతోనే ఎక్కారు. చిన్నమ్మ పైన మోపు దించి, పగులు పక్కన కందికట్టె పరుస్తోంది. మమ్మల్ని చూసి కర్రెత్తింది.

"ఏయ్, చెప్పులిడువుండ్రి! కందులు తొక్కుతరు."

అందరం విడిచాం. బండ కాలుతోంది.