తర్యే తీసేసిన కిలో బరువు

సరస్సు ఒడ్డున పాలకేంద్రం మూతపడ్డాక దాని వెనకున్న షెడ్డు తర్యే తీసుకున్నాడు. తుపాకులు బాగుచేసే కొట్టు పెట్టాడు. అప్పటికి నేను ఈ ఊరి బడిలో లెక్కలు చెబుతున్నాను. ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే ఇక్కడ ఇంటికొకరైనా రెయిన్‌డీర్ దుప్పుల వేటకి కొండపైకి ఎక్కుతారు. అందుచేత ఏడాదికి ఒక్కసారైనా తర్యే గుమ్మం తొక్కనివాళ్లు మా వైపు తక్కువ.

మనిషి పొడుగు, సన్నం. కళ్లద్దాలు తాడుకి కట్టి మెడలో వేసుకునేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. అందులో ఒకటి మాత్రం మా అందరికీ కంఠతా వచ్చేసింది: "నా బల్ల మీంచి వెళ్లిన పని మళ్లీ నా బల్ల ఎక్కదు." గొప్ప చెప్పుకున్నట్టుండేది గానీ, పంతొమ్మిదేళ్లపాటు అది నిజమే.

ఆ మాట తప్పింది గున్వోర్ రైఫిల్ దగ్గర.

గున్వోర్ మా వేటజట్టులో మనిషి. సరస్సు చుట్టూ కారేసుకుని తిరిగి, ఇల్లు కదల్లేని ముసలివాళ్లకి స్నానాలు చేయించి మందులిచ్చే ఉద్యోగం ఆవిడది. నోరు పదును. ఇరవై రెండో ఏట తన జీతంతో కొనుక్కున్న బోల్టు రైఫిల్‌నే యాభై ఏడో ఏట కూడా మోస్తోంది. పాత కాలపు ఉక్కు, బండ చెక్క. పైన బిగించిన గురి దుర్భిణితో కలిపి నాలుగు కిలోల ఆరువందల గ్రాములు. రెండు చలికాలాల కిందట మందుల సంచీతో మంచుమీద జారిపడి కాలర్ ఎముక విరగ్గొట్టుకుంది. లోపల స్టీలు ప్లేటు వేశారు. ఆ తర్వాతి వేటలో కొండ ఎక్కుతూ రెండుసార్లు రైఫిల్ నా చేతికిచ్చింది. అంతకుముందు ఎప్పుడూ ఇవ్వలేదు. ఇస్తున్నప్పుడు నా మొహంలోకి చూడలేదు.

మార్చిలో ఒక శనివారం ఆ రైఫిల్ తీసుకుని తర్యే కొట్టుకి వచ్చింది. నేనక్కడే ఉన్నాను. మా జట్టులో మూడోవాడు, కోతమిల్లు యోస్టెయిన్ కూడా ఉన్నాడు. మరో ఇద్దరు పొయ్యి దగ్గర కాఫీ తాగుతున్నారు.

"తర్యే, దీన్ని కొంచెం తేలిక చెయ్యి," అంది గున్వోర్.

"ఎంత?"

"భుజం అరవనంత."

"భుజం భాష నాకు రాదు. గ్రాముల్లో చెప్పు."

"గ్రాములు నీ పని. నేను ముసలాళ్ల వీపులు రుద్దుతా, నువ్వు గ్రాములు చూసుకో."

యోస్టెయిన్ ఊరుకోలేదు. "ఈ పాత ఇనుముకి ఇంత తంటా ఎందుకు? కొత్తది కొనుక్కోవచ్చుగా?"

"నువ్వూ కొత్త పెళ్లాన్ని తెచ్చుకోవచ్చుగా యోస్టెయిన్. పాతావిడ రోజూ తిడుతోందని ఏడుస్తావుగా."

పొయ్యి దగ్గరివాళ్లు కాఫీ ఒలకబోసుకున్నారు. తర్యే నవ్వలేదు. రైఫిల్‌ని తక్కెడ మీద పెట్టి చూశాడు. బోల్టు లాగాడు, చెక్కని గోటితో కొట్టి విన్నాడు.

"కిలో తీసేస్తా," అన్నాడు.

"కిలోనా? గొట్టం తీసేసి చెక్క ఇస్తావేమో," అన్నాడు యోస్టెయిన్.

"కిలో," అన్నాడు తర్యే మళ్లీ. సోమవారానికల్లా ఆ మాట సరస్సు అవతలి ఒడ్డుకి కూడా చేరింది.

పని మూడు నెలలు నడిచింది. శనివారాలు నేను వెళ్లి కూర్చునేవాణ్ణి. లెక్కల మాస్టారిననో ఏమో, నాతో కాస్త మాట్లాడేవాడు.

"బరువు తియ్యడం పెద్ద పని కాదు మాస్టారూ. ఎక్కణ్ణించి తీస్తున్నామన్నదే పని. ముందు నుంచి కొంత తీస్తే వెనకనుంచీ తియ్యాలి. పట్టుకున్నప్పుడు బరువంతా రెండు చేతుల మధ్యకి రావాలి. అది తప్పితే ఎంత తేలికైనా పనికిరాదు."

పెద్ద దుర్భిణి తీసి చిన్నది బిగించాడు. తూటాల అర కింద ఉక్కు భాగాలు తీసి అల్యూమినియంవి పెట్టాడు. గొట్టం కొస నుంచి రెండంగుళాలు కోసి, మిగిలినదాన్ని లేతు మిషన్ మీద సన్నం చేశాడు. ఇక వెనక, భుజానికి ఆనే చెక్కలో తొలిచి తియ్యాల్సింది మిగిలింది. ఆ చెక్క చివరనున్న మడమ పట్టీ విప్పి చూస్తే లోపల ఒక పాత పగులు. ఎప్పుడో రైఫిల్ కిందపడితే ఎవరో జిగురు పోసి ఇత్తడి మేకు దించి సరిపెట్టారు. దాన్ని తొలవాలంటే ముందు మేకు పీకి, పగులు తెరిచి, కొత్త చెక్క అతికి, వారాలపాటు ఆరనివ్వాలి. బల్లమీద వేట సీజన్ పనులు గుట్టగా ఉన్నాయి. పట్టీ మళ్లీ బిగించేశాడు.

కిలోకి ఇంకా రెండువందల గ్రాములు తక్కువ. ఆ రెండువందలూ ముందునుంచే తీశాడు. గొట్టాన్ని ఇంకోసారి లేతెక్కించాడు. ఎడంచేయి పట్టుకునే చెక్కని లోపల్నుంచి తొలిచాడు. జూన్‌లో తక్కెడ మూడు కిలోల ఐదువందల తొంభై చూపించింది. మామూలుగా చేసే పరీక్ష చేశాడు. తూటాల అరకి కాస్త ముందు, వేలిమీద రైఫిల్‌ని నిలబెట్టాడు. వెనక చెక్క మెల్లగా కిందికి వాలింది, గొట్టం కొస పైకి లేచింది. కాసేపు చూసి, రైఫిల్‌ని సంచిలో పెట్టేశాడు. అప్పుడు నేను అక్కడ లేను. ఇది తర్వాత ఆయనే చెప్పాడు.

గున్వోర్ సంబరం చూడాలి. రైఫిల్ భుజాన వేసుకుని పాలకేంద్రం చుట్టూ రెండుసార్లు తిరిగింది. "మోస్తున్నట్టే లేదు మాస్టారూ. మా చెల్లెలి హ్యాండుబ్యాగు ఇంతకంటే బరువు," అంది. వేటకి ముందు ప్రతి ఏడూ నెగ్గాల్సిన గురి పరీక్ష ఆగస్టులో గాలి లేని సాయంత్రం వచ్చింది. పడుకుని, సంచి మీద రైఫిల్ ఆనించి, వంద మీటర్ల దూరాన ఐదు తూటాలూ వలయంలోనే వేసింది. ఎవరికీ ఏ అనుమానం రాలేదు.

సెప్టెంబరు మొదటి వారంలో ముగ్గురం పడవలో సరస్సు దాటి, నాలుగు గంటలు నడిచి, మా రాతి గుడిసె చేరాం. రెండోరోజు పొద్దున్న పడమటి గాలి గట్టిగా వీస్తోంది. వాగు అవతల నలభై దుప్పుల మంద కనబడింది. గాలివాటం చూసుకుని, గట్టు చాటున వంగి పరుగెత్తాం. మేం అనుకున్నదానికంటే ముందే అవి ఎదురొచ్చాయి. పడుకుందామంటే మోకాలెత్తు పొదలు, ఏమీ కనబడదు. గున్వోర్ కూర్చుని మోచేతులు మోకాళ్లకి ఆన్చింది. ఎగశ్వాస ఇంకా తీరలేదు. నూటపది మీటర్ల దూరంలో ఒక ఆడదుప్పి పక్కకి తిరిగి నిలబడింది.

పేల్చింది. దుప్పి వీపు విల్లులా పైకి వంచి, మందతోపాటు కదిలి, కాసేపటికి మందనొదిలి ఒంటరిగా ఉత్తరానికి మళ్లింది. అలా వంగిందంటే ఏమిటో మా ముగ్గురికీ తెలుసు.

"వెనక తగిలింది. పొట్టలో," అంది గున్వోర్. ఖాళీ తూటా తొడుగు ఏరి జేబులో వేసుకుంది.

గాయపడిన జంతువుని వదిలి రాకూడదు. అది చట్టం. చట్టం లేకపోయినా మావాళ్లెవరూ వదలరు. ఒక గంట ఆగి మేమిద్దరం జాడ పట్టుకున్నాం. యోస్టెయిన్ ఫోను అందే చోటికి దిగి, కొండ కాపలావాళ్లకి కబురు చెప్పి, ఇంటికెళ్లి జాడపట్టే తన కుక్క ఫిన్నాని తీసుకొచ్చాడు. సాయంత్రం ఆరింటికి వాళ్లు గట్టెక్కుతుంటే చూశాం. యోస్టెయిన్ వెనక ఇంకో పొడుగాటి మనిషి కర్ర ఊతంతో వస్తున్నాడు.

తర్యే తుంటికీలు అరిగిపోయి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లలో కొండ ఎక్కలేదు. రేవు దగ్గర యోస్టెయిన్ నోట సంగతి విని, రైఫిల్ భుజాన వేసుకుని పడవలో కూర్చున్నాడట. వద్దంటే వినలేదట.

వచ్చి ఒక రాయిమీద కూలబడ్డాడు. మొహం పాలిపోయింది.

"ఎలా జరిగింది?" అనడిగాడు.

"కొస నిలవలేదు. గాలికి ఆడింది. నేను ఆగాల్సింది, ఆగలేదు," అంది గున్వోర్.

"నీ తప్పు కాదు. దానికి ముందు బరువు లేదు. వెనక్కి వాలుతోంది. జూన్‌లోనే వేలిమీద పెట్టి చూశా." ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాడు. పగులు సంగతి, మేకు సంగతి, ఆ రెండువందల గ్రాముల సంగతి అంతా చెప్పాడు. "నలుగురిలో కిలో అన్నాను. కిలో చేశాను."

"కిలో నేనడిగానా?"

"లేదు."

"మరి ఎవరికోసం తీశావు?"

యోస్టెయిన్ కుక్క మెడపట్టీ సర్దుతూ అటు తిరిగిపోయాడు.

గున్వోర్ వెళ్లి తర్యే పక్కనే ఇంకో రాయిమీద కూర్చుంది. "నాకూ తెలుసులే," అంది చివరికి. "జూలైలో ఇసుకగుంట దగ్గర నిలబడి పేల్చి చూశా. కొస పిట్టతోకలా ఊగింది. నీ దగ్గరికి తెస్తే మళ్లీ బరువు పెంచుతావని భయపడ్డా. మొయ్యడానికి అంత హాయిగా ఉంది మరి. కాబట్టి మొత్తం నువ్వే మోసుకుపోకు. లే. కుక్క తాడు లాగుతోంది."

చీకటి పడేదాకా వెతికాం. ఒక బురదనేల దగ్గర జాడ తప్పింది. గుడిసెలో పలచటి రొట్టె, గోధుమరంగు జున్ను తిన్నాం.

పొద్దున్నే యోస్టెయిన్ తర్యేతో, "నువ్వు ఇక్కడే ఉండి కాఫీ కాచిపెట్టు. నిన్ను కూడా వెతుక్కునే ఓపిక మాకు లేదు," అన్నాడు.

"నా కోసం వెతక్కండి," అని కర్ర తీసుకుని బయల్దేరాడు తర్యే. మా వెనక వంద అడుగుల్లో నడుస్తూనే ఉన్నాడు.

పదింటికి బురదనేల అవతల ఫిన్నా మళ్లీ జాడ పట్టింది. కరగని మంచుతిట్ట కింద, రాళ్ల మధ్య పల్లంలో దుప్పి పడుకుని ఉంది. తల ఇంకా ఎత్తే ఉంది. డెబ్భై మీటర్లు. తర్యే వచ్చి తన రైఫిల్ గున్వోర్ ముందుకి చాపాడు. ఆవిడ దానికేసి చూసింది, తీసుకోలేదు. తన సంచి కిందపెట్టి, బోర్లా పడుకుని, తన రైఫిల్ సంచిమీద ఆనించింది. చాలాసేపు కదల్లేదు. పేల్చాక దుప్పి తల నేలకి వాలింది.

దగ్గరికెళ్లి దాని మెడమీద చెయ్యి వేసి కూర్చుంది. మేం దూరంగా నిలబడ్డాం. తర్వాత స్వెట్టరు చేతులు మడుచుకుని కోత పని తానే చేసింది. కడుపువైపు మాంసం పాడైపోయింది. సగం కంటే తక్కువ దక్కింది. మూటలు పంచుకుంటుంటే తర్యే తనకీ ఒకటి ఇమ్మన్నాడు. తుంటి చూసుకోమంటే వినడు. చివరికి చర్మం చుట్టి ఇచ్చాం. గున్వోర్ రైఫిల్ కూడా తీసి ఇంకో భుజాన వేసుకున్నాడు. రెండు రైఫిళ్లతో, ఆ చర్మంతో నాలుగు గంటల దారి ఆరు గంటలు దిగాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

ఊళ్లో ఈ సంగతి యోస్టెయిన్ టముకు వేస్తాడనుకున్నాను. వాడికి ఆ అవకాశమే రాలేదు. కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ తర్యేనే చెప్పాడు, వాళ్లు అడక్కముందే. "గున్వోర్ రైఫిల్ నేను పాడుచేశాను. మళ్లీ చేస్తున్నాను." వినడానికే ఇబ్బందిగా ఉండేది. ఒకరిద్దరు తమ తుపాకులు వేరే ఊరు పట్టుకెళ్లారు. ఆయన వాళ్లని ఆపలేదు.

ఆ చలికాలం ముందుగా వెనక చెక్కలో మేకు పీకాడు. పగులు తెరిచి శుభ్రం చేసి, వాల్‌నట్ చెక్క పేడు అతికి, మూడు వారాలు ఆరబెట్టాడు. తర్వాత లోపల తొలిచాడు. ముందు చెక్కలో గొట్టం కింద, సన్నని ఉక్కు కడ్డీ ఒకటి దించాడు. ఈసారి గున్వోర్‌ని రమ్మని కబురు చేశాడు. కొట్టు వెనక మంచులో గాలికి ఎదురుగా నిలబెట్టి, తూటాలు లేకుండా, కళ్లు మూసుకుని రైఫిల్ ఎత్తి కళ్లు తెరవమన్నాడు.

"ఎక్కడుంది కొస?"

"గురికి పైన."

"రేపు రా."

మర్నాడు కడ్డీ మార్చాడు. "ఇప్పుడు?"

"కిందికి పోతోంది. అయినా ఈ చలిలో నన్ను బొమ్మలా నిలబెట్టడం నీకు సరదాగా ఉందా?"

"రేపు రా."

నాలుగోసారి ఆవిడ కళ్లు తెరిచేసరికి కొస గురిమీదే ఉంది. అలాగే పట్టుకుని నిలబడింది. లోపలికొచ్చి కాఫీ అడిగింది. బరువెంతని ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. తక్కెడ మీద నేను చూశాను, మూడు కిలోల ఏడువందల ఇరవై.

తర్వాతి సెప్టెంబరులో గున్వోర్ ఒక దుప్పి దూడని కొట్టింది. తొంభై మీటర్ల నుంచి, మోకాలి మీద కూర్చుని, గాలిలోనే. దూడ ఉన్నచోటే పడింది. ఆవిడ వెంటనే లేవలేదు. బోల్టు లాగి తూటాలు తీసేసి, రైఫిల్ ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుంది.

ఆ ఏడాదే తర్యే తుంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇంటికొచ్చాక ఆరు వారాలపాటు గున్వోర్ రోజూ వెళ్లి కట్టు మార్చి, నడిపించింది. ఇద్దరూ దెబ్బలాడుకోవడం రోడ్డుమీదికి వినిపించేది. మాటలు రాని మనిషనుకున్న తర్యే అంత గట్టిగా అరవగలడని మాకు అప్పుడే తెలిసింది.

కోలుకున్నాక మాతో మళ్లీ కొండెక్కడం మొదలెట్టాడు. మొదటి రెండేళ్లూ రైఫిల్ తేలేదు. గుడిసెలో గంజి కాచి, దుర్భిణితో మందలు చూసి, ఎన్ని దుప్పులో చెప్పేవాడు. మూడో ఏడు తన రైఫిల్ కూడా తెచ్చాడు. ఆ వారమంతా పొగమంచు. ఒక్క దుప్పీ కనబడలేదు, ఆయనకి రైఫిల్ సంచి విప్పే పనే పడలేదు. నలుగురం గుడిసెలో కూర్చుని పేకాడి, నాలుగో రోజున దిగి వచ్చేశాం.